మూడో గుండు

ముందు నా తెలివితక్కువతనం ఒప్పేసుకుంటాను. ఒక్క మాట పైకి చెప్పలేక, ఒకే ఏడాదిలో రెండుసార్లు తిరుత్తణి కొండకు పోయి గుండు చేయించుకున్నవాణ్ణి నేను. మూడోసారికి తల తడుపుకొని కూడా కూర్చున్నాను. మొక్కు లేదు, భక్తి అంతంతమాత్రం. నాకు కావలసిందల్లా మూడు రోజుల సెలవు.

దానికి ముందు చేసింది ఇంకొకటి ఉంది. దాన్ని తెలివితక్కువతనం అంటే నన్ను నేను వెనకేసుకు రావడమే అవుతుంది. అది దేవసహాయం సంగతి.

డెబ్బై ఎనిమిదిలో నేను తిరువళ్లూరు బయట ఒక పంపుల ఫ్యాక్టరీలో, టైం ఆఫీసులో లీవు గుమాస్తాని. గేటు పక్కన కిటికీ, కిటికీ వెనక నేను, నా వెనక ఇత్తడి టోకెన్లు తగిలించిన బోర్డు. వచ్చినవాడికి టోకెన్ ఇవ్వాలి. రానివాడికి గైర్హాజరు వేయాలి. సెలవు అడిగినవాడి ఫారం చూసి ఆఫీసరుకు పంపాలి. ఆ ఫారంలో పేరుకు ఒక గీత, నంబరుకు ఒక గీత, తేదీలకు ఒక గీత ఇచ్చి, ‘కారణం’ అన్నదానికి మాత్రం రెండు గీతలు ఇచ్చారు. మావాళ్లు ఆ రెండు గీతల మీద జ్వరాలు, విరేచనాలు, మేనమామల చావులు రాసేవాళ్లు. ఒకే మేనమామ మూడుసార్లు పోయిన కుటుంబాలు నాకు తెలుసు.

ఆ వర్షాకాలంలో ఫిట్టరు దేవసహాయం ఒక ఫారం ఇచ్చాడు. తిరునిన్రవూరు నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. నోట్లో నాలుక ఉందో లేదో అన్నట్టుండే మనిషి. చర్చిలో నేర్చుకున్న గుండ్రటి తెలుగు అక్షరాలతో, కారణం దగ్గర ‘మనసు బాగాలేదు’ అని రాశాడు. నేను చదివి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆఫీసంతా వినేటట్టు గట్టిగా చదివాను.

“ఏమి దేవసహాయం, మనసుకి జొరమా, బేదులా? దీనికి ఏ డాక్టరు సర్టిఫికెట్టు ఇస్తాడు?”

కిటికీకి అటువాళ్లూ ఇటువాళ్లూ నవ్వారు. దేవసహాయం కూడా కొంచెం నవ్వాడు, మర్యాదకు. ఫారం వెనక్కి తీసుకొని, ఆ మాట కొట్టేసి, ‘కడుపునొప్పి’ అని రాసిచ్చాడు. సెలవు మంజూరైంది. ఆ రోజంతా నేను భలే హుషారుగా ఉన్నాను.

నాకూ అదే వచ్చింది, డెబ్బై తొమ్మిది జనవరిలో, పొంగలు సెలవులైన మర్నాడు. ఏడున్నరకు సైరన్ మోగింది. రోజూ మోగేదే. ఆ రోజు మాత్రం అది చెవిలోకి కాకుండా తిన్నగా రొమ్ములోకి దూరింది. గుండె పరుగెత్తింది. అరచేతుల్లో చెమట. ఎదురుగా చేయి చాచి నిలబడ్డవాడి నంబరు నాకు తెలుసు, అది బోర్డు మీద ఎక్కడుందో తెలుసు. నా చేయి లేవలేదు.

“ఏమి సామీ, టోకెన్ ఇస్తారా, ఆశీర్వాదం ఇస్తారా?” అన్నాడు వాడు. వెనకాల వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను, మర్యాదకు.

మర్నాడూ అదే. ఆ తర్వాత సైరన్ అవసరం కూడా లేకుండా పోయింది. బస్సు దిగితే చాలు, గేటు కనిపిస్తే చాలు. హాజరు రాసేవాడికే బేజారు పట్టుకుంది. తిండి గడ్డిలా ఉండేది. నలుగురు మాట్లాడుతుంటే ఆ మాటలు గోడ అవతల నుంచి వస్తున్నట్టుండేది. అంతకంటే బాధ పెట్టింది ఇంకొకటి: దీనికి కారణం లేకపోవడం. ఇంట్లో పోట్లాట లేదు, చావు లేదు, పై అధికారి తిట్టింది లేదు. ఎవరికి చెప్పినా ముందు “ఏంటికి?” అంటారు. రెండు గీతల మాట అటుంచి, అరగీతకు సరిపడా జవాబు కూడా నా దగ్గర లేదు.

అందుకని ముందు కడుపును అడ్డం పెట్టుకున్నాను, తర్వాత తలను. మధ్యలో ఉన్న గుండె జోలికి మాత్రం పోలేదు.

కంపెనీ డాక్టరు ఊళ్లో బజారు వీధిలో ఉండేవాడు. ఆయన వాకిట్లో బల్ల మీద కూర్చుంటే వరస రావడానికి పూట పట్టేది. నా పక్కన దగ్గేవాళ్లు, కట్లు కట్టుకున్నవాళ్లు. వాళ్లను చూసి నాకు అసూయ కలిగేది. దగ్గుకు చప్పుడుంది, కట్టుకు రంగుంది. నా దానికి ఏదీ లేదు. “యాడ నొప్పి?” అని ఆయన అడిగితే కడుపు మీద ఏదో ఒకచోట వేలు పెట్టాను. ఆయన ఆ వేలిని నమ్మాడు. అల్సరు అన్నాడు. కారం వద్దు, పులుపు వద్దు, మజ్జిగన్నం తినమన్నాడు.

నా భార్య సరోజ ఆ మాటను శాసనంలా పాటించింది. తనూ అదే తినేది. “మీకు లేంది నాకేంటికి?” అనేది. పొన్నేరి నుంచి మా అత్తగారు వచ్చి చూసి, “ఏం లేదు, పైత్యం” అని తేల్చేసింది. మా తెలుగులో అది కడుపులో ఉంటుంది, పక్కింటావిడ తమిళంలో తలకెక్కి పిచ్చవుతుంది. పక్కింటావిడ రెండు రోజులు మా వాకిలి తొక్కలేదు. నా జబ్బు సరిగ్గా కనిపెట్టింది ఆవిడొక్కతే, అదీ పొరపాటున.

ఫిబ్రవరి ఆఖరుకు కడుపునొప్పి సెలవులు అయిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది తిరుత్తణి.

మా ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉండేది. ముదలాళి, అంటే మా యజమాని, సుబ్రమణ్యస్వామి భక్తుడు. తిరుత్తణి మొక్కు అని ఎవరు అడిగినా మూడు రోజులు ఇవ్వాలి, ఎందుకని అడగకూడదు. సర్టిఫికెట్టు అక్కర్లేదు, తిరిగొచ్చినవాడి తలే సర్టిఫికెట్టు. వాడు కిటికీ ముందు తువ్వాలు తీసి తల వంచితే, నేను రిజిస్టరులో ‘చూచితిని’ అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఎన్ని వందల తలలు చూచితినో! ఆ మార్చి మొదట్లో, తమిళుల మాసి నెలలో, నా తల నేనే వంచాను. మా ఆఫీసరు చూచితిని అని రాశారు.

పోయే ముందు సరోజతో మొక్కుంది అన్నాను.

“మొక్కా? ఎప్పుడు మొక్కినారు? నాకు చెప్పకుండా ఏమి మొక్కు?” అని అడిగింది.

మాకు పెళ్లయి ఆరేళ్లు, పిల్లల్లేరు. నేను నేల చూశాను. ఆమె ఆ చూపుకు తన అర్థం తాను చెప్పుకుంది. మొహం వెలిగిపోయింది. నేను కాదనలేదు. ఆ ఏడాదంతా నేను ఆడిన అబద్ధాల్లో నోరు తెరవకుండా ఆడింది అదొక్కటే, అన్నిటికంటే పెద్దదీ అదే.

ఆ మొదటి గుండు రోజు తల మీద చందనం పూసుకొని కొండ దిగుతున్నాను. ఆ కొండకు మూడువందల అరవై అయిదు మెట్లు, ఏడాదిలో రోజుకొక మెట్టు అంటారు. నేను జూన్ నెల దగ్గరెక్కడో కూర్చుండిపోయాను. పక్కనుంచి జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. అందరికీ ఏదో ఒకటి కావాలి. నాకు ఏదీ కావాలని లేదు. సాయంత్రం దాకా ఆ మెట్టు మీదే ఉన్నాను. ఒక ముసలమ్మ నన్ను మెట్టనుకుందేమో, భుజం మీద చేయి ఆనించి పైకి ఎక్కింది. ఆ రోజు నన్ను తాకిన మనిషి ఆమే.

మూడు రోజులు గేటు చూడకపోతే కొంచెం ఊపిరాడింది. నాలుగో రోజు మళ్లీ మామూలే. గుండు ఉంది గనక జనం “సామీ, దర్శనం బాగా అయినాదా?” అని అడిగేవాళ్లు. గుండె చెప్పలేనిది గుండు చెబుతోంది, అదీ తప్పుగా.

మే, జూన్ నెలల్లో ఇంకొక విద్య నేర్చాను. మిగిలిన మామూలు సెలవులన్నీ ఒక్కొక్కటిగా గీకేసుకుంటూ, ఇంట్లో చెప్పకుండా, టిఫిన్ క్యారియర్ పట్టుకొని బస్టాండుకు కాక స్టేషనుకు పోయేవాణ్ణి. అరక్కోణం వైపు బండెక్కి కడంబత్తూరులో దిగి, ప్లాట్‌ఫారం చివరి బల్ల మీద కూర్చునేవాణ్ణి. ఎదురుగా పొలాలు, రైలు కమ్మీలు, ఎండ. పదిన్నరకు టీ విరామం, పన్నెండున్నరకు అన్నం. అక్కడ సైరన్ లేదు, అయినా నా కడుపు షిఫ్టు ప్రకారమే నడిచేది. మజ్జిగన్నం తిని, క్యారియర్ కడుక్కొని, నాలుగున్నర దాకా కూర్చొని, పనికిపోయి వచ్చినవాడిలా అలసిపోయి ఇల్లు చేరేవాణ్ణి. ఆ అలసట మాత్రం నిజం. ఏమీ చేయకుండా ఎనిమిది గంటలు కూర్చోవడం కంటే కష్టమైన డ్యూటీ నేను చేయలేదు.

ఆషాఢంలో వచ్చే ఆడి కృత్తికకు రెండో గుండు. ఆ రోజు కొండంతా కావళ్లు. ఎటు చూసినా పసుపు బట్టలు, అరోహరా కేకలు. అంత గుంపులో ఒక మనిషి ఎంత ఒంటరిగా ఉండగలడో అక్కడే తెలిసింది. ఇంటికి వచ్చేసరికి సరోజ పస్తు ఉంది. ప్రతి నెలా కృత్తిక నక్షత్రం నాడు ఉంటోందట. నేను చూసీ చూడనట్టు చేతులు కడుక్కున్నాను.

నవంబరులో మూడోసారి పోయాను. తలమీద రెండంగుళాల వెంట్రుకలు కూడా లేవు. గుండ్లు చేసే మండపంలో వరస వచ్చింది. గట్టు మీద కూర్చుంటే, నీళ్లు చల్లి తల తడిపాడు మంగలాయన. యాభై దాటిన మనిషి, పల్చటి మీసం. కత్తి చేతిలోకి తీసుకొని ఆగాడు.

“ఆడి కృత్తికకి వచ్చినావు గదా నువ్వు? అంతకు ముందు మాసిలో గూడా వచ్చినావు.”

“మీకెట్లా తెలుసు? రోజుకి ఎంతమందిని చూస్తారో!”

“మొగాలు నేను చూడను, అయ్యా. తలకాయలు చూస్తా. నీకు ఎడం చెవి వెనకాల మచ్చ ఉండాది. ఏమి మొక్కు?”

నేను చెంప మీద కారిన నీళ్లు తుడుచుకున్నాను.

“బిడ్డలకా? జబ్బుకా? వ్యాజ్యమా?”

“లీవుకి” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోరు అలిసిపోయి ఉంటుంది.

ఆయన నవ్వలేదు. “లీవు కోసరం వెంట్రుకలిచ్చేవోణ్ణి నిన్నే చూస్తా ఉండా. ఏమి చేస్తాది నీకు?” అన్నాడు. నేను తల అడ్డంగా ఊపబోయాను. “తలకాయ ఆడించొద్దు. కత్తి ఉండాది. నోరు ఆడించు.”

చెప్పాను. పది నెలల్లో మొదటిసారి, గట్టు మీద కూర్చొని, తల వంచుకొని, ముందున్న రాతిబండకు చెప్పినట్టు చెప్పాను. సైరనూ, చేయి లేవకపోవడం, కడంబత్తూరు బల్లా అన్నీ. వెనకాల వరసలో ఎవరో గొణిగితే, “రవంత ఉండండయ్యా, దేవుడు యాడికీ పోడు” అన్నాడు ఆయన. నేను ఆపేదాకా విని, కత్తి మడిచి పొదిలో పెట్టేశాడు.

“మా తమ్ముడికి ఇదే వచ్చినాది. మేము గూడా గుండు గుండు అని తిప్పినాము. కడాకి మద్రాసు పెద్దాసుపత్రిలో దీనికే ఒక డాక్టరు ఉండాడంటే పోయినాము. ఇప్పుడు సేద్యం చేస్తా ఉండాడు. పో, అయ్యా. ఈ తూరి నేను కొట్టను.”

“గుండు లేకుండా పోతే నా ఉద్యోగం?”

“గుండుతో పోయినావు గదా రెండు తూర్లు. నిలిచినాదా?”

తడి తలతో కొండ దిగాను. ఆ రోజు చలిగాలి. ఆ ఏడాదిలో మొదటిసారి నాకు జుట్టు ఉన్నట్టు తెలిసింది.

మూడు రోజుల తర్వాత టైం ఆఫీసుకు పోయాను. మా ఆఫీసరు రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, తల ఎత్తారు. పళ్లిపట్టు వైపు భూములున్న కుటుంబం ఆయనది. గొంతు కూడా భూస్వామిదే.

“ఎన్నయ్యా ఇది? గుండు యాడ?”

“చేయించుకోలేదు సార్.”

“మొక్కు లీవు ఏంటికి తీసుకుంటివి? స్వామి పేరు చెప్పి కంపెనీని మోసం చేస్తావా? కారణం రాసియ్. ఇప్పుడే, ఇక్కడే.”

ఫారం ముందు పెట్టారు. అప్పటికి షిఫ్టు మారే వేళ. కిటికీ అవతల వరస కట్టి ఉన్నారు. రెండు గీతలు. ఎంతోమందివి చదివినవాణ్ణి, నాకు ఒక్క మాట రాలేదు. చివరికి వచ్చింది నా మాట కాదు. ‘మనసు బాగాలేదు’ అని రాశాను.

ఆఫీసరు చదివారు. తర్వాత గట్టిగా చదివారు, ఆఫీసంతా వినేటట్టు. “మనసంట! మద్రాసు కీల్పాకం పిచ్చాసుపత్రికి టికెట్టు తీసియ్యండయ్యా ఈయనకి!” అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు పాత పరిచయమే. పోయినేడు నేనే దాన్ని పెంచాను.

వరసలో ముందు నిలబడ్డవాడు మాత్రం నవ్వలేదు. దేవసహాయం. టోకెన్ పట్టుకొని నన్నే చూస్తున్నాడు. ఆఫీసరు ఇచ్చిన మెమో తీసుకొని నేను బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఉన్నాడు.

“అన్నా, ఏ దినం పోతారు మద్రాసుకి?”

“నేను చెప్పలేదే పోతానని.”

“పోవాల గదా. మంగళారం నాకు వీక్లీ ఆఫు. తిరునిన్రవూరులో ఎక్కుతా. ముందర డబ్బాలో ఉండండి.”

ఆ సాయంత్రం సరోజకు అంతా చెప్పాను. జబ్బు సంగతి నిదానంగా వింది. మొక్కు సంగతికి వచ్చేసరికి లేచి నిలబడింది.

“అయితే బిడ్డల కోసరం గాదా?”

“కాదు.”

“మాసి నుంచి కృత్తిక కృత్తికకీ పస్తుంటా ఉండా నేను. ఒక మాట చెప్పుంటే తిని ఉందును గదా!”

వంటింట్లోకి పోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పళ్లెంలో మజ్జిగన్నం బదులు ఎర్రగా మిరపకాయ కారం వేసిన పులుసు. “అల్సరు లేదు గదా, తినండి” అంది. తనూ వడ్డించుకుంది. ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు వచ్చాయి. కారానికే అని ఇద్దరం ఒప్పుకున్నాం.

మంగళవారం మద్రాసు. ఆసుపత్రిలో పొడుగాటి వసారా, గోడ పొడుగునా బల్ల. చేతికి ఒక అట్టముక్క ఇచ్చారు, నంబరు వేసి. ఇన్నేళ్లు టోకెన్లు ఇచ్చినవాణ్ణి టోకెన్ పట్టుకొని కూర్చున్నాను. ఎదురుగా ఒకామె తన చీర కొంగును మడుస్తూ విప్పుతూ ఉంది. ఆ వసారాలో ఎవరూ ఎవరినీ “ఏంటికి వచ్చినారు?” అని అడగలేదు. అంత మర్యాద నేను ఎక్కడా చూడలేదు. దేవసహాయం ఆకులో కట్టిన ఇడ్లీలు విప్పి సగం నాకు పెట్టాడు.

“దేవసహాయం, పోయినేడు ఆ పొద్దు నేను…”

“పోనీలే అన్నా.”

“సెలవు తీసుకున్నావు గదా. ఇంట్లో ఉంటివా?”

చేతిలో ఇడ్లీ ముక్క ఆకులో పెట్టేశాడు. “ఇంటికి పోలేదు. రైలు కమ్మీల పక్కన చానా దూరం నడిచినా. ఏమి చేద్దామని పోయినానో నాకే తెలీదు. ఒక గూడ్సు బండి పోయినాది. వెనక డబ్బాలో గార్డు నన్ను చూసి చెయ్యి ఊపినాడు. ఊరికే, సుమ్మా ఊపినాడు. తిరిగి ఇంటికి పోయినా.”

నా నంబరు పిలిచారు. ఆ గార్డు ఎవరో, ఆ చేయి ఎందుకు ఊపాడో! ఆ చేయి ఊపింది నేనై ఉండాల్సింది. కిటికీలో కూర్చొని నేను చేసింది వేరు.

డాక్టరు కుర్రవాడు. కారణం అడగలేదు. ఎప్పటి నుంచి, ఎట్లా ఉంటుంది, నిద్ర ఎట్లా అని అడిగాడు. మాత్రలు ఇచ్చి, బాగైందనిపించినా మానొద్దన్నాడు. నెలకొకసారి రమ్మన్నాడు. మొదటి వారాలు నోరెండిపోయేది, కూర్చున్నచోటే జోగేవాణ్ణి. గుణం తెలియలేదు. దేవసహాయం అయిదు నెలలు, డాక్టరు రమ్మన్న రోజుకు తన ఆఫు మార్చుకొని మరీ, ముందర డబ్బాలో ఎక్కాడు. మేము పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఎనభై వేసవిలో ఒక పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాక గుర్తొచ్చింది, ఇందాక సైరన్ మోగిందని. నేను గమనించనే లేదు. బాగుపడటం అంటే అంతే. డప్పు కొట్టుకొని రాదు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా గేటు కనిపించగానే రొమ్ములో ఏదో దూరుతుంటే, నా మాట వినండి: కడుపు మీద వేలు పెట్టకండి. మీ పక్కన పనిచేసేవాడు అట్లాంటి మాట ఏదైనా రాసిస్తే, మెల్లగా చదువుకోండి.

ఉద్యోగం పోలేదు గానీ కిటికీ పోయింది. “మెంటలు చేతిలో హాజరు పుస్తకమా?” అని ఆఫీసరు నన్ను స్టేషనరీ గదికి మార్చారు. కిటికీ లేని గది, నాలుగు బీరువాలు, కాగితాల వాసన. రోజుకు ఇద్దరు ముగ్గురు వస్తే గొప్ప. మూడేళ్లు అక్కడ నేనూ ఫారాలూ. ఒకప్పుడైతే ఆ ఒంటరితనం నన్ను తినేసేది. ఇప్పుడు దానికీ నాకూ పొత్తు కుదిరింది.

ఎనభై ఒకటిలో లీవు ఫారాలు అయిపోవచ్చాయి. కొత్తవి అచ్చు వేయించడం నా పని. తిరువళ్లూరు బజారులో ప్రెస్సుకు పాత ఫారం తీసుకుపోయాను. ఎర్రసిరా పెన్నుతో ‘కారణం’ మీదా, దాని రెండు గీతల మీదా అడ్డంగా కొట్టేసి ఇచ్చాను.

కంపోజిటరు ఫారాన్ని దూరంగా పెట్టి చూశాడు. “ఇది తీసేస్తే నడుమ బోడిగా ఉంటాదే సార్. ఒక పువ్వు వెయ్యనా?”

“వెయ్యి” అన్నాను.

ప్రూఫు ఆఫీసరు బల్ల మీద పెట్టాను. ఆయన తన హోదా పెద్దక్షరాల్లో ఉందా లేదా చూసుకున్నారు. ఉంది; ఒక సైజు పెద్దదే వేయించాను. సంతకం పెట్టేశారు. ఫారాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. నా కిటికీలోకి వచ్చిన కొత్త గుమాస్తా, “కారణం యాడ రాయాల?” అని అడిగితే, “ఆఫీసరు సంతకం పెట్టిన ఫారం అది, పోయి ఆయన్నే అడుగు” అన్నాను. వాడు పోలేదు. మొదటి ఫారం నేనే తీసుకుపోయి దేవసహాయానికి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, పువ్వు మీద బొటనవేలు పెట్టి, ఏమీ అనకుండా జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి అతనికి సెలవు అవసరం కూడా లేదు.

ఎనభై మూడు ఆగస్టులో ఒక మధ్యాహ్నం స్టేషనరీ గది తలుపు తీసుకొని ఆఫీసరే వచ్చారు. ఆయనకు ఏదైనా కావాలంటే అటెండరు వస్తాడు. ఆ రోజు తనే వచ్చారు. గడ్డం రెండు రోజులుగా గీసుకోలేదు. “ఒక లీవు ఫారం ఇయ్యి” అన్నారు. ఇచ్చాను. నా బల్ల మీదే పెట్టుకొని పేరు రాశారు, తేదీలు రాశారు. పెన్ను కిందికి జరిగి ఆగింది. చేయి అక్కడి నుంచి లేవలేదు. లేవని చేయి నాకు తెలుసు.

“ఇక్కడ…” అన్నారు. “ఇక్కడ ఏమి రాయాల?”

“ఏమీ రాయక్కర్లేదు సార్. అది పువ్వు.”

ఆయన ఫారం తిప్పి చూశారు. మళ్లీ ముందుకు తిప్పారు. నా మొహం కేసి చూశారు. అయిదేళ్ల కింద దేవసహాయాన్ని అడిగిన ప్రశ్న నా దగ్గర ఇంకా ఉంది, గొంతు కూడా ఉంది. నేను బ్లాటింగ్ పేపరు ముందుకు జరిపాను.

ఆయన సంతకం పెట్టి, సిరా అద్దుకొని, ఫారం మడిచి, “వస్తాను” అన్నారు. నాతో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

ఆయన పదకొండు రోజులు సెలవులో ఉన్నారు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.